మార్జిన్‌లో పెట్టిన చుక్కలు

తలుపు తెరుచుకునేలోపే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆమెకి తెలిసిపోయేది. గుమ్మం దగ్గర చెప్పులు ఎలా విడిచారు, లోపల్నుంచి "ఎవరూ?" అన్న గొంతు ఎవరిది, ఆ గొంతు వినగానే ఇంకెవరి మాట ఆగిపోయింది, ఆమెకి అవి చాలు. ఇరవై రెండేళ్ళు తలుపులు తట్టిన చేయి అది.

విశ్వవిద్యాలయంలో, జనం ఎవరికి ఓటు వేస్తారు, ఎందుకు వేస్తారు, ఏలేవాళ్ళ గురించి మనసులో ఏమనుకుంటారు అని పరిశోధించే కేంద్రం ఒకటుంది. ప్రొఫెసర్లు అక్కడ కూర్చుని లెక్కలు కడతారు. ఆ లెక్కలకి కావలసిన జవాబులు ఇంటింటికీ తిరిగి తెచ్చేవాళ్ళు పదిమంది. వాళ్ళలో అందరికన్నా పాతమనిషి ఆమె. ఆమె వంతుకి ఏడు వీధులు, రెండు వందల పద్నాలుగు ఇళ్ళు. ప్రతి ఎన్నికకీ ముందొకసారి, తర్వాతొకసారి, అవే ఇళ్ళు, అవే మనుషులు.

పని ఎవరూ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పలేదు. కేంద్రంవాళ్ళిచ్చిన చిన్న పుస్తకంలో నాలుగు నియమాలుంటే, మిగతావి కాళ్ళు అరగదీసుకుని నేర్చుకుంది. ప్రశ్న అచ్చులో ఎలా ఉంటే అలాగే చదవాలి. జవాబు విని తల ఊపకూడదు. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి కూర్చోవాలి, లేకపోతే అవతలి మనిషి మన మొహంలో జవాబు వెతుక్కుంటారు. కోడల్ని అడుగుతుంటే అత్తగారు అందుకుంటే, ఆవిడని మంచినీళ్ళు అడగాలి. నీళ్ళు వచ్చేలోగా రెండు ప్రశ్నలైపోతాయి. "ఈవిడకి దాహం జాస్తి" అని ఆ వీధుల్లో ఆమెకి పేరు కూడా ఉంది. మనిషి ఇంట్లో లేకపోతే, మూడు వేర్వేరు పూటల్లో మూడుసార్లు తట్టకుండా ఫారం మీద "లేరు" అని రాయకూడదు. అన్నిటికన్నా పెద్ద నియమం, ఇంట్లో కూర్చుని ఫారం నింపకూడదు. ఎండకో వానకో బద్ధకించి ఆ పని చేసినవాళ్ళని ఆమె ఎరుగును. వాళ్ళ పక్కన కూర్చుని టీ కూడా తాగేది కాదు.

చుక్కల సంగతి మొదటి ఏడాదిలోనే మొదలైంది. ఒకావిడని "ఈసారి ఎవరికి వేశారు?" అని అడిగితే, ఆవిడ గోడవైపు చూసి, కొంగు సర్దుకుని, ఎక్కడో చప్పుడైతే అటు తిరిగి, చివరికి "అధికార పక్షానికే" అంది. ఫారంలో ఆ జవాబుకి గడి ఉంది. "తెలియదు"కి గడి ఉంది. "చెప్పను"కి కూడా గడి ఉంది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య గడిచిన ఆ కాస్త కాలానికే గడి లేదు. కళ్ళారా చూసింది రాయకపోతే పని సగంలో వదిలేసినట్టు అనిపించింది. పెన్ను జవాబులకి మాత్రమే కాబట్టి పెన్సిల్ తీసి, తన ఊపిరి లెక్కన ఎంతసేపైందో మార్జిన్‌లో అన్ని చుక్కలు పెట్టింది. నాలుగు.

"ఏంటమ్మా ఇది, ఫారానికి తట్టు పోసిందా?" అని సూపర్‌వైజర్ కసిరాడు.

ప్రొఫెసర్ కసరలేదు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చాలాసేపు చూసి, "ఇది మాత్రం మానకండమ్మా" అన్నాడు. మిగతా తొమ్మిదిమందికీ ఆమె చేతే నేర్పించాడు. అప్పట్నుంచి కేంద్రంలో ఆమె చుక్కలక్క.

ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అన్నం దగ్గర "కూరెలా ఉంది?" అని ఆమె అడిగితే, అతను నమిలేవాడు, నీళ్ళు తాగేవాడు, తర్వాత "బాగుంది" అనేవాడు.

"మూడు చుక్కలు."

"ఇది కాపురమా, కోర్టు బోనా?" అనేవాడు అతను.

ఏడు వీధుల్లో చుక్కనేది పడని మనిషి ఒకామె ఉండేది. కాలువ వీధిలో చివరింటి ముసలామె. రోజంతా రేడియో మోగించుకుంటుంది కాబట్టి రేడియో మామ్మ. అధికార పక్షమంటే ఆమెకి ప్రాణం. "మామ్మా, మీరెవరికి..." అనేలోపే, "ఇంకెవరికే పిచ్చిమొహమా, మావాళ్ళకే! పెద్దక్షరాలతో రాసుకో!" అని వీధంతా వినిపించేలా అరిచేది.

ఇంకో వీధిలో ఉండే బడి గుమాస్తా అందుకు పూర్తిగా భిన్నం. ప్రతిసారీ "అధికార పక్షానికేనండి" అనే అనేవాడు, ప్రతిసారీ నాలుగు చుక్కలు పడేవి. ఒకసారి గుమ్మం దాకా వెంట వచ్చాడు. లోపల ఇద్దరు కూతుళ్ళు పాఠాలు పైకి చదువుకుంటున్నారు.

"అమ్మా, ఇది ఎక్కడికీ పోదు కదా?"

"మీ పేరే రాయనండి. మీరు చెప్పింది మీకూ నాకూ మధ్యే ఉంటుంది." ఆ వాక్యం కార్డు మీద అచ్చువేసి ఉండేది. ప్రతి ఇంట్లో మొదట అదే చదివేది. చదివి చదివి అది కార్డుది కాకుండా ఆమె సొంతమాటైపోయింది.

ఫారం మీద ఒక నంబరుంటుంది. ఇంటి నంబరూ, ఆ ఇంట్లో జవాబు చెప్పింది అత్తా కోడలా కొడుకా అన్నదీ వేరే పుట మీద ఉంటాయి. ఆ పుటని చింపి ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తారు. రెండూ కలిస్తేనే మనిషి దొరుకుతాడు. ఆ తాళంచెవి ప్రొఫెసర్ జేబులో ఉండేది.

ఈ మధ్య ఎన్నికల్లో ప్రొఫెసర్ ఒక ప్రయోగం చేశాడు. ఐదుగురి వీధుల్లో ఎప్పటిలా నోటితో అడిగించాడు. మిగతా ఐదుగురి వీధుల్లో, కాగితం మీద గుర్తు పెట్టి మడిచి పెట్టెలో వేయమన్నాడు. నోటితో అడిగినచోట నూటికి డెబ్భైమంది అధికార పక్షమన్నారు. పెట్టె తెరిస్తే యాభై. తేడా ఇరవై. నోటితో అడిగిన వీధుల్లో మూడు చుక్కలూ అంతకుమించీ పడ్డవాళ్ళు ఎంతమందని లెక్క తీస్తే, వాళ్ళూ నూటికి ఇరవైమందే. చుక్కలక్క వీధుల్లో రెండు వందల పద్నాలుగు మందికి నలభై మూడు. ఆలస్యంగా చెప్పిన జవాబు మనసులో మాట కాదని ప్రొఫెసర్ పెద్ద వ్యాసం రాశాడు. దానికి బహుమతి వచ్చింది. అందరికీ స్వీట్లు పంచాడు. ఆ వ్యాసాన్ని ఎవరెవరు చదువుతున్నారో అప్పుడెవరూ ఆలోచించలేదు.

ఎన్నికలైన నాలుగు నెలలకి ఆమె కేంద్రానికి వెళ్తే, ప్రొఫెసర్ గది తలుపుకి పేరు పలక లేదు. మరలు తీసిన నాలుగు బొక్కలు మాత్రం ఉన్నాయి.

"సారేరి?" అని అటెండర్ని అడిగింది.

అతను చేతిలో ట్రే కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తాడు. "సెలవులో ఉన్నారక్కా."

మూడు, అనుకుంది ఆమె.

ఆ గదిలో ఇప్పుడు సలహాదారు అనే మనిషి కూర్చుంటున్నాడు. ఎక్కడ్నుంచి వచ్చాడో, ఎవరికి సలహా చెబుతాడో ఎవరూ అడగలేదు. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి గొంతు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"రండమ్మా, చుక్కలక్క మీరేగా? మీ గురించి చదివి ఎంత మురిసిపోయానో! మీలాంటి పనిమంతులు ఎక్కడున్నారమ్మా ఈరోజుల్లో." కుర్చీ జరిపాడు. "చిన్న పని. ఫారాలు మా దగ్గరున్నాయి. బీరువాలో పుటలూ ఉన్నాయి. ఈ పెన్సిల్ గుర్తులే మావాళ్ళకి బోధపడట్లేదు. కొన్ని చుక్కలు, కొన్ని మరకలు. ఏ నంబరుకి ఎన్ని చుక్కలో ఒక కాగితం మీద రాసిస్తే చాలు."

"ఎందుకండీ?"

"లోపల బాధ పెట్టుకుని పైకి చెప్పుకోలేనివాళ్ళు ఉంటారు కదమ్మా. వాళ్ళకి దగ్గరవ్వాలి మేము."

"వాళ్ళకి మాటిచ్చామండీ. కార్డు మీద ఉంది."

"మాట మీరిచ్చారు. ఫారాలు కేంద్రానివి." నవ్వాడు. "బలవంతం లేదు. మీకు కుదరదంటే మిషన్ చదువుతుంది. కాకపోతే దానికి మరకకీ చుక్కకీ తేడా తెలీదు. నిన్న మావాడు మీ కట్ట పెట్టి చూశాడు. నలభై మూడు కాస్తా నూట ఇరవై అయ్యాయి. మిగతా డెబ్భై ఏడుమంది పాపం ఏం చేశారమ్మా? మీ ఇష్టం."

ఆమె బస్సు స్టాపులో నిలబడి గొంతక్కకి ఫోను చేసింది. గొంతక్క కూడా ఆ పదిమందిలో ఒకతె, ఇంకో ఐదు వీధులు చూసే మనిషి. వీధి మొదట్లో మాట్లాడితే చివరింటివాళ్ళు జవాబు చెబుతారని ఆమె మీద హాస్యమాడేవాళ్ళు.

"ఇచ్చేశానే," అంది గొంతక్క. వినబడక చుక్కలక్క ఫోను చెవికి నొక్కుకుంది. ఆ మనిషి గుసగుసగా మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు. "నెలైంది. టైలర్ షాపుకి సీలు వేశారు, ఏదో కాగితం లేదని. ఒక ముసలాయనకి పింఛను ఆగింది. నర్సమ్మని ఎక్కడికో బదిలీ చేశారు, చంటిపిల్లతో. అందరూ మూడు చుక్కలూ, ఆపైవాళ్ళే. నేను ఆ వీధుల్లో నడవట్లేదు. చుట్టూ తిరిగి పోతున్నా. నువ్వు మాత్రం..." అని ఆగిపోయింది. ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె సలహాదారుకి రాసిస్తానని చెప్పి, రికార్డుల గదికి వెళ్ళింది. మూడు రోజులు గడువిచ్చారు.

పొడుగాటి బల్ల, ఒక కిటికీ, గోడ పొడవునా బీరువాలు. వాటిని కాసే మనిషిని అందరూ బీరువాల అన్నయ్య అంటారు. అతను ఫారాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. పక్కన ఒక కొత్త రబ్బరు పెట్టాడు.

"ఇదెందుకన్నయ్యా? నేను రాయడానికేగా వచ్చింది."

"పెన్సిలన్నాక రబ్బరుండాలి కదమ్మా." కుర్చీ గోడవైపు తిప్పుకుని పేపరు విప్పాడు. "పొద్దునపూట నాకు కాస్త చెముడు. మధ్యాహ్నం నుంచి చూపు కూడా ఆనదు. ఏదన్నా కావాలంటే వచ్చి భుజం తట్టు."

ఆమె మొదటి రోజంతా ఏమీ రాయలేదు. నలభై మూడు ఫారాలు ఒక పక్కకి తీసి పెట్టుకుని చూస్తూ కూర్చుంది. చుక్కలన్నీ చెరిపేస్తే కుదరదు, నలభై మూడని వ్యాసంలో అచ్చయి ఉంది. ఇంకెవరికో పెడితే వాళ్ళ కొంప మునుగుతుంది. చనిపోయినవాళ్ళకి పెడదామా అనుకుంది. వాళ్ళిళ్ళలో పిల్లలున్నారు. ఇంటి నంబరుకే కదా మనుషులు వచ్చేది.

ఇల్లే లేకపోతే?

అప్పుడు గుర్తొచ్చింది కాలువ వీధి. రోడ్డు వెడల్పు చేస్తామని ఎన్నికలైన నెలకే ఆ వీధినంతా కూలగొట్టారు. ఏ నంబరు ఏ ఇంటిదో ఆమెకి కంఠతా వచ్చు. ఆమె కట్టలో ఆ వీధి ఫారాలు నలభై ఆరు. ఇళ్ళు లేవు, మనుషులు తలోదిక్కూ పోయారు, పుటల మీద పేర్లు లేవు. ఆ నంబర్లు పట్టుకుని ఎవరు వెళ్ళినా తారురోడ్డు తప్ప ఏమీ దొరకదు.

రెండో రోజూ మూడో రోజూ ఆమె పనిచేసింది. నలభై మూడు మందిలో తొమ్మిదిమంది కాలువ వీధివాళ్ళే. మిగిలిన ముప్ఫై నలుగురి చుక్కలూ చెరిపేసింది. బడి గుమాస్తా ఫారం మీద పెన్సిల్ కాస్త లోతుగా దిగింది. కాగితం పోగు లేవకుండా, ఒకే వైపుకి, మెల్లగా రుద్దింది. ఆ ముప్ఫై నలుగురివీ కాలువ వీధి ఫారాల మీద పెట్టింది. ఒకరి చుక్కలు ఇంకొకరికి వేసేటప్పుడు ఊపిరి తీసి, ఊపిరి లెక్కనే వేసింది. చేతికి వేరే విధం తెలియదు. నలభై ఆరులో పక్క వీధుల్లోకే మారారని తెలిసినవాళ్ళు ముగ్గురు. వాళ్ళని వదిలేసింది. సరిగ్గా నలభై మూడు.

రేడియో మామ్మ ఫారం దగ్గర చేయి కాసేపు ఆగింది. మామ్మ కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందని బస్సులో ఎవరో అంటుంటే విన్నది. "ఏమనుకోకు మామ్మా" అని, నాలుగు పెట్టింది. రబ్బరు పొట్టంతా అరచేతిలోకి ఊడ్చి రుమాల్లో కట్టుకుంది. బీరువాల అన్నయ్య అదే పేజీ మూడు రోజులుగా చదువుతున్నాడు.

సలహాదారు బీరువా పుటలు పక్కన పరుచుకుని, ఆమె ఇచ్చిన కాగితం మీద వేలు పెట్టుకుని కిందిదాకా వచ్చాడు.

"అన్నీ కాలువ వీధే!" అని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇళ్ళు పోతాయని ముందే వాసన పట్టినట్టున్నారు. కడుపుమంట." వేలు కాగితం మీదే ఉంది. "ఇప్పుడక్కడ ఎవరూ లేరు, అవునా?"

"లేరండి."

ప్రశ్న వెనకే జవాబు వచ్చేసింది. ఊపిరి కూడా తీయలేదు. ఇలాంటి జవాబు ఎక్కడో విన్నాననుకుంటూ మెట్లు దిగింది.

పది రోజులు ఏమీ జరగలేదు. ఒకరోజు బస్సు వరుసలో బడి గుమాస్తా కనిపించాడు. చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో గొడుగు. ఆమెని చూసి తలాడించాడు. ఆ రోజు ఆమె ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నది. మర్నాటి నుంచి మళ్ళీ ముద్ద దిగలేదు.

"ఏమైందే?" అన్నాడు భర్త.

"నలభై ఆరిళ్ళు లేవని నమ్మి రాసిచ్చాను. ఒక్క తలుపూ తట్టలేదు."

"వీధే లేదంటున్నావ్, ఏ తలుపు తడతావ్?"

"లేదని విన్నాను. వెళ్ళి చూడలేదు." చేయి కడుక్కుంది. "ఇన్నేళ్ళలో ఇంట్లో కూర్చుని ఫారం నింపడం ఇదే మొదలు. నేను చేసింది తప్పంటావా?"

అతను కంచం వైపు చూశాడు. నీళ్ళ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. ఆమె లెక్కపెట్టకుండా ఉండాలని చూసింది. చేతకాలేదు. "కాదు," అన్నాడు చివరికి.

చెప్పులేసుకుని బయల్దేరింది.

కాలువ వీధి ఉన్నచోట రోడ్డు వెడల్పుగా, నున్నగా, కొత్త తారు వాసనతో ఉంది. రెండు వైపులా నడిచి చూసింది. నలభై ఐదు ఇళ్ళ జాడ లేదు. మలుపు దగ్గర, రోడ్డు వంపు తిరిగినచోట, కత్తితో కోసినట్టు సగం గది నిలబడి ఉంది. కోసిన వైపున గోడకి బదులు నీలం పరదా వేలాడుతోంది. పక్క గోడ మీద పాత ఇంటి నంబరు పలక ఇంకా ఉంది. లోపల్నుంచి రేడియో సన్నగా వినిపిస్తోంది.

పరదా బయట రెండు జతల బూట్లు విడిచి ఉన్నాయి. కొత్తవి, ఇద్దరు మగవాళ్ళవి.

ఆమె రోడ్డు మీదే నిలబడిపోయింది. పరదా అంచు గాలికి లేచినప్పుడల్లా లోపల ముక్కలు ముక్కలుగా కనిపించింది. మంచం, మంచం మీద మామ్మ. మూతి ఒక పక్కకి వంగిపోయి ఉంది. కుడిచేయి దిండు మీద పెట్టిన వస్తువులా పడి ఉంది. ఎదురుగా స్టూలు మీద ఒక కుర్రాయన, ఒళ్ళో ఫైలు. ఇంకొకాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"మీ కూతురు పనిలోంచి ఎప్పుడొస్తారు, మామ్మగారూ?" అంటున్నాడు స్టూలు మీదాయన. మామ్మ పెదవులు కదిలాయి. చాలాసేపటికి "సా... యం... త్రం" అన్న మాట వచ్చింది.

"సరే. మీతోనే మాట్లాడతాం. ఒక్కటే ప్రశ్న." ఎదురుగా, మొహంలోకి చూస్తూ అడిగాడు. "పోయిన ఎన్నికల్లో మీరు ఎవరికి వేశారు?"

పిచ్చిమొహమా, మావాళ్ళకే. ఆ అరుపు కోసం చుక్కలక్క చెవులు రిక్కించుకుని నిలబడింది. మామ్మ కళ్ళు పెద్దవయ్యాయి. మెడ నరాలు పొంగాయి. నోరు తెరుచుకుంది, మూసుకుంది. జవాబు గొంతు దాకా వచ్చి అక్కడ చిక్కుకుపోవడం బయటికే తెలుస్తోంది.

ఒకటి. స్టూలు మీదాయన పెన్సిల్ తీశాడు.

రెండు. గోడ దగ్గరాయన ఫైల్లోకి తొంగిచూసి, "ఇందులో ఎన్నున్నాయి?" అన్నాడు. "నాలుగు," అన్నాడు స్టూలు మీదాయన.

మూడు. మామ్మ ఎడమచేయి దుప్పటిని పిడికిట్లో పట్టి గుంజుతోంది.

నాలుగోది పడకముందే చుక్కలక్క పరదా తీసి లోపలికి వెళ్ళింది. అలవాటు కొద్దీ మంచానికి కాస్త పక్కగా నిలబడింది.

"ఆవిడకి మాట పడిపోయిందండీ, అంతే. ఇరవై రెండేళ్ళలో ఆవిడకి ఒక్క చుక్కా పడలేదు. ఫారం మీద ఉన్నవి ఆవిడవి కావు. నేను పెట్టినవి."

ఇద్దరూ తలలు తిప్పారు. స్టూలు మీదాయన తొందరపడలేదు. ఫైల్లో కొత్త కాగితం తీసి పైన పెట్టుకున్నాడు. పక్కనున్న ఇంకో స్టూలు కాలితో ఆమె వైపు జరిపాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు మర్యాదగా. "ఆవిడవి కాకపోతే, మరి ఎవరివి?"

ఆమె నోరు విప్పలేదు. మంచం మీద మామ్మ గొంతులో ఏదో కదులుతోంది. రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. కుర్రాయన పెన్సిల్ కాగితం అంచు దాకా జరిగి, మార్జిన్‌లో ఆగింది. ఆమె ఊపిరి తీసి వదిలింది.

పెన్సిల్ మొన కాగితానికి తగిలి లేచింది. మళ్ళీ తగిలింది.